నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటు రాకపోతే అంతేనా? రిజల్ట్స్ రాకముందే మూసుకుపోతున్న దారులు.. పదో తరగతి పిల్లలకు ఎవరూ చెప్పని లెక్క!

నూజివీడు పేరు చెబితే ముందు గుర్తొచ్చేది మామిడి. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి.. వేసవి వస్తే ఇక్కడి తోటల నుంచి లారీలు వరసకట్టి బయల్దేరతాయి. ఆ తర్వాత గుర్తొచ్చేది ట్రిపుల్ ఐటీ. ఊళ్లో సర్కారు బడిలో చదివే పిల్లాడికి టెన్త్‌లో మంచి మార్కులు వస్తాయని తెలియగానే చుట్టుపక్కల వాళ్లు అడిగే మాట ఒక్కటే.. "ట్రిపుల్ ఐటీకి అప్లై చేశారా?"

మంచి ప్రశ్నే. కానీ దాని తర్వాత రావాల్సిన ప్రశ్న చాలా ఇళ్లలో రావడం లేదు. సీటు రాకపోతే ఏం చేయాలి? ఆ సమాధానం వెతుక్కునే సరికి మిగతా దారుల గడువులు దాటిపోతున్నాయి. అసలు సమస్య ఇక్కడే ఉంది.

ఒక్క సీటు.. పదకొండు మంది పోటీ

రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే ఆర్జీయూకేటీ, 2008లో మొదలైంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో నూజివీడు, ఇడుపులపాయ, బాసర.. ఇలా మూడు చోట్ల క్యాంపస్‌లు పెట్టారు. కంప్యూటర్ సైన్స్‌లో నోబెల్‌తో సమానంగా చూసే ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్న రాజ్ రెడ్డి ఈ వర్సిటీకి తొలి చాన్సలర్. రాష్ట్ర విభజన తర్వాత బాసర తెలంగాణకు వెళ్లింది. ఏపీలో శ్రీకాకుళం, ఒంగోలు క్యాంపస్‌లు తోడయ్యాయి.

దీని ప్రత్యేకత ఏంటంటే, ఇక్కడ చేరడానికి ఎంట్రన్స్ టెస్ట్ ఉండదు. టెన్త్ మార్కులే కొలమానం. కరోనా వల్ల టెన్త్ పరీక్షలు జరగని 2020, 2021లో మాత్రమే సెట్ పెట్టారు. హాస్టల్ సౌకర్యం లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు 4 శాతం డిప్రివేషన్ స్కోర్ కలిపి మెరిట్ లెక్కిస్తారు. కోచింగ్‌కు లక్షలు పెట్టలేని కుటుంబాల పిల్లలు వెనకబడకూడదన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం. చేరినవాళ్లు రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్.. మొత్తం ఆరేళ్లు క్యాంపస్‌లోనే చదువుకుంటారు.

ఈ పద్ధతి ఫలించింది. పదహారేళ్ల లోపే కూలీల ఇళ్ల నుంచి, కౌలు రైతుల ఇళ్ల నుంచి ఇంజినీర్లు వచ్చారు. అమ్మాయిలు పెద్ద సంఖ్యలో చేరుతున్నారు. ఆడపిల్లను ఊరు దాటించి చదివించాలంటే ఆలోచించే ఇళ్లు కూడా ట్రిపుల్ ఐటీ అంటే ధైర్యంగా పంపిస్తున్నాయి.

అయితే లెక్క కూడా చూడాలి. ఏపీలోని నాలుగు క్యాంపస్‌లలో కలిపి ఏటా ఉండేవి 4,400 సీట్ల వరకే. 2025లో వచ్చిన దరఖాస్తులు సుమారు 50 వేలు. అంటే ఒక్కో సీటుకు పదకొండు మందికి పైగా పోటీ పడ్డారు. అప్లై చేసిన వాళ్లలో దాదాపు 45 వేల మందికి సీటు రాలేదు. వీళ్లెవరూ చదువు రాని పిల్లలు కాదు. మంచి మార్కులు వచ్చాయన్న నమ్మకంతోనే అప్లై చేసినవాళ్లు. వీళ్ల కోసం రెండో ప్లాన్ ఎవరు చెబుతున్నారు?

ఫలితాల కంటే ముందే గడువు

ఇప్పుడు క్యాలెండర్ చూద్దాం. 2025లో ఏపీ టెన్త్ ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. రెగ్యులర్‌గా పరీక్ష రాసిన 6,14,459 మందిలో 4,98,585 మంది పాసయ్యారు. ఉత్తీర్ణత 81.14 శాతం.

గురుకుల జూనియర్ కాలేజీల్లో ఇంటర్ సీట్ల కోసం పెట్టే ఏపీఆర్‌జేసీ సెట్ ఏప్రిల్ 25న జరిగింది. ఫలితాలొచ్చిన రెండో రోజే! పాలిటెక్నిక్ డిప్లొమా కోసం రాసే పాలిసెట్ ఏప్రిల్ 30న జరిగింది. ఈ రెండింటికీ దరఖాస్తు గడువు టెన్త్ ఫలితాలకు ముందే ముగిసింది. అటు ట్రిపుల్ ఐటీ దరఖాస్తులేమో ఫలితాల తర్వాత మొదలయ్యాయి. సెలక్షన్ లిస్ట్ వచ్చేసరికి జూన్ అయింది.

ఒక్కసారి ఆ పిల్లాడి వైపు నుంచి ఆలోచించండి. మార్చిలో టెన్త్ పరీక్షల టెన్షన్. సరిగ్గా అదే నెలలో పాలిసెట్, ఏపీఆర్‌జేసీ దరఖాస్తులు. పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుంటే రెండు తలుపులు మూసుకుపోయినట్టే. మార్కులొచ్చాక ట్రిపుల్ ఐటీకి అప్లై చేసి, జూన్ దాకా ఎదురుచూసి, లిస్టులో పేరు లేదని తెలిశాక మిగిలేది ఏంటి? దగ్గర్లోని ఏదో ఒక జూనియర్ కాలేజీ. ఏ గ్రూపులో ఖాళీ ఉంటే ఆ గ్రూపు.

దీనికి తోడు ప్రైవేట్ కాలేజీల హడావుడి ఉండనే ఉంది. పరీక్షలు కూడా కాకముందే పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతారు. "ఇప్పుడు కడితే ఫీజులో డిస్కౌంట్" అంటారు. అడ్వాన్స్ తీసుకుంటారు. పిల్లల భవిష్యత్తు గురించి ఇంటికొచ్చి మాట్లాడే మనిషి ఆ ఒక్కడే అయినప్పుడు, తల్లిదండ్రులు అతని మాటే నమ్ముతారు. తప్పు వాళ్లది కాదు. వేరేగా చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు లోటు.

మామిడి సీజన్.. అడ్మిషన్ సీజన్.. రెండూ ఒకేసారి!

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం ప్రాంతాల్లో ఈ ఇబ్బంది ఇంకో రకంగా కూడా ఉంది. ఏప్రిల్, మే నెలలంటే ఇక్కడ కోతల కాలం. తెల్లారకముందే తోటకు వెళ్లాలి. కాయ కోయాలి, గ్రేడింగ్ చేయాలి, లోడు ఎత్తించాలి, మార్కెట్లో రేటు చూసుకోవాలి. ఏడాది ఆదాయమంతా ఆ కొద్ది వారాల్లోనే తేలిపోతుంది. గాలివాన వస్తే కాయ నేలపాలు. రేటు పడిపోతే కోత కూలి కూడా గిట్టదు.

సరిగ్గా ఆ వారాల్లోనే పిల్లల అడ్మిషన్ల పనులు పడతాయి. కుల ధ్రువీకరణ పత్రం కావాలి. ఆదాయ ధ్రువీకరణ పత్రం కావాలి. స్టడీ సర్టిఫికెట్లు కావాలి. ఆధార్‌లో పేరు ఒకలా, టెన్త్ మెమోలో ఇంకోలా ఉంటే అది సరిచేయించుకోవడానికి సచివాలయం చుట్టూ తిరగాలి. తోటలో పని వదిలి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. వెళ్లకపోతే గడువు పోతుంది. చాలా ఇళ్లలో ఈ పనంతా పదిహేనేళ్ల పిల్లాడి మీదే పడుతోంది.

అందుకే ఈ ప్రాంతానికి కావాల్సింది ఏప్రిల్‌లో పెట్టే ఒక రోజు అవగాహన సదస్సు కాదు. పూత మీదున్నప్పుడే, అంటే సంక్రాంతి నాటికే కాగితాలన్నీ సిద్ధం కావాలి.

ఆరేళ్ల లెక్క.. మూడు దారులూ ఒకే చోటికి!

ట్రిపుల్ ఐటీ సీటు పోతే ఇంజినీరింగ్ కల పోయినట్టేనని చాలామంది పిల్లలు కుంగిపోతారు. అది నిజం కాదు. ఈ లెక్క చూడండి.

ట్రిపుల్ ఐటీ: పీయూసీ 2 ఏళ్లు, బీటెక్ 4 ఏళ్లు. మొత్తం 6 ఏళ్లు.

ఇంటర్ దారి: ఇంటర్ 2 ఏళ్లు, ఈఏపీసెట్ రాసి బీటెక్ 4 ఏళ్లు. మొత్తం 6 ఏళ్లు.

పాలిటెక్నిక్ దారి: డిప్లొమా 3 ఏళ్లు, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో 3 ఏళ్లు. మొత్తం 6 ఏళ్లు.

మూడు దారుల్లోనూ బీటెక్ పట్టా చేతికొచ్చేది ఒకే ఏడాది. పైగా పాలిటెక్నిక్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. మూడో ఏడాది చివరికే డిప్లొమా చేతిలో ఉంటుంది. ఇంట్లో పరిస్థితి బాగోలేక మధ్యలో ఆపాల్సి వచ్చినా ఉద్యోగం వెతుక్కోవడానికి ఒక అర్హత ఉంటుంది. ఇంటర్ పూర్తయి ఆగిపోయిన వాళ్లకు ఆ వెసులుబాటు తక్కువ. రేపటి ఆదాయం మీద భరోసా లేని ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కానీ ఈ లెక్క పిల్లలకు తెలియాల్సింది మార్చి కంటే ముందు. పాలిసెట్ గడువు దాటాక తెలిస్తే ఉపయోగం లేదు.

ఇంటి పక్కనే ఉన్న కెరీర్ కనిపించడం లేదా?

ఇంకో విచిత్రం కూడా ఉంది. నూజివీడులో మామిడి పరిశోధన కేంద్రం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా వెంకట్రామన్నగూడెం కేంద్రంగా పనిచేసే డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం కిందకు అది వస్తుంది. మామిడి తోటల మధ్యే పుట్టి పెరిగిన పిల్లల్లో, ఆ సైన్స్‌నే చదువుగా, ఉద్యోగంగా మార్చుకోవచ్చని తెలిసినవాళ్లు ఎందరు?

టెన్త్ తర్వాత రెండేళ్ల హార్టికల్చర్ డిప్లొమా ఉంది. అది పూర్తిచేసి హార్టీసెట్ రాస్తే బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్‌లో చేరే వీలుంది. ఇంటర్ బైపీసీ చదివినవాళ్లు ఈఏపీసెట్ ద్వారా ఇదే డిగ్రీలోకి వెళ్లొచ్చు. వ్యవసాయ కోర్సుల్లో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేకంగా కోటా కూడా ఉంది. 2019లో గ్రామ సచివాలయాలకు పెద్ద ఎత్తున నియామకాలు జరిగినప్పుడు గ్రామ ఉద్యాన సహాయకుల పోస్టులకు హార్టికల్చర్ డిప్లొమా ఉన్నవాళ్లూ అర్హులయ్యారు. ఆ సంగతి ముందే తెలిసి చదివినవాళ్లకు అవకాశం దొరికింది. తెలియనివాళ్లు నోటిఫికేషన్ చూసి ఊరుకున్నారు.

సర్కారు కొలువులే కాదు. కాయను శాస్త్రీయంగా మగ్గబెట్టే చాంబర్లు, ప్యాక్‌హౌస్‌లు, కోల్డ్ స్టోరేజీలు, గుజ్జు పరిశ్రమ, ఎగుమతికి కావాల్సిన నాణ్యత పరీక్షలు.. కోత తర్వాత మామిడి చుట్టూ నడిచే పని చాలానే ఉంది. అక్కడ ఫుడ్ టెక్నాలజీ చదివినవాళ్లు కావాలి, ఎలక్ట్రీషియన్లు కావాలి, రిఫ్రిజిరేషన్ మెకానిక్‌లు కావాలి. ఐటీఐలో నేర్చుకునే పని ఇది. "మావాడు తోటలోకి రాకూడదు, అందుకే చదివిస్తున్నా" అంటాడు నాన్న. ఆయన కష్టం చూస్తే ఆ మాటలో న్యాయం ఉంది. కానీ తోటలో కూలికి వెళ్లడం వేరు, తోట గురించి చదివి నిలబడడం వేరు. ఆ తేడా చెప్పే మనిషి బడిలో ఉండాలి.

దేశవ్యాప్తంగా చూసినా పరిస్థితి ఇలాగే ఉంది. గ్రామీణ ప్రాంతాల్లోని 14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద 2023లో చేసిన అసర్ సర్వేలో 86.8 శాతం మంది ఏదో ఒక విద్యాసంస్థలో చదువుతున్నారని తేలింది. ఏదైనా వృత్తి శిక్షణ పొందుతున్నవాళ్లు మాత్రం 5.6 శాతమే. బడికి పంపడంలో గెలిచాం. బడి తర్వాత ఏంటన్న దగ్గరే ఆగిపోయాం.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

ఇదేదో ఉంటే బాగుంటుంది అనుకునే సౌకర్యం కాదు. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక కీలక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023లో మరణించిన కేసు అది. ఆ కేసులోనే జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట అర్హత కలిగిన కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలని చెప్పింది. విద్యార్థులతో పాటు తల్లిదండ్రులకు కూడా క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ ఇవ్వాలని చెప్పింది. ఒకే పరీక్ష, ఒకే కోర్సు అనే ఒత్తిడి తగ్గాలంటే వేరే దారులున్నాయని తెలియాలి అన్నది ఈ ఆదేశం వెనకున్న ఆలోచన.

అమెరికాలో బడి కౌన్సెలర్ల సంఘం 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలని సూచిస్తుంది. మన జెడ్పీ హైస్కూళ్లలో 250 మందికి కాదు, మండలం మొత్తానికి ఒకరున్నా గొప్పే. ఆ పని ఇప్పుడు క్లాస్ టీచరే పాఠాలు, పేపర్లు దిద్దడం, యాప్‌లలో ఎంట్రీల మధ్య వీలైనంత చేస్తున్నారు. ఓపికున్న మాస్టారు దొరికిన పిల్లలు అదృష్టవంతులు. దొరకని పిల్లల సంగతి ఏంటి? పేద పిల్లల భవిష్యత్తు అదృష్టం మీద ఆధారపడకూడదు కదా!

సీటు వచ్చినవాళ్లకూ సాయం కావాలి

ట్రిపుల్ ఐటీ సీటు వచ్చిందంటే పని అయిపోయినట్టు కాదు. పదిహేనేళ్లకే ఇల్లు వదిలి హాస్టల్‌కు వెళ్లాలి. ఊరి బడిలో ఫస్ట్ వచ్చిన పిల్లాడు ఇక్కడ వేల మంది ఫస్ట్‌ల మధ్య కూర్చుంటాడు. మొదటి సెమిస్టర్‌లో మార్కులు తగ్గితే తనమీద తనకే నమ్మకం పోతుంది. పీయూసీలో వచ్చే మార్కులతోనే బీటెక్‌లో బ్రాంచ్ తేలుతుంది. ఈ సంగతులు చేరాక తెలుసుకోవడం కంటే టెన్త్ పరీక్షలైన ఖాళీలో తెలుసుకుంటే సగం భయం పోతుంది. ఆ రెండు నెలల్లో రోజూ కాసేపు ఇంగ్లిష్ చదవడం, మాట్లాడటం అలవాటు చేసుకున్నా చాలు.

దీనికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. నూజివీడు క్యాంపస్‌లో వేల మంది విద్యార్థులున్నారు. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు వాళ్లు తాము చదివిన హైస్కూల్‌కు ఒక్క పూట వెళ్లి మాట్లాడితే, ఏ ఫ్లెక్సీ చేయలేని పని అవుతుంది. "నేనూ ఇదే బెంచీ మీద కూర్చున్నా" అని చెప్పే అక్క మాట తొమ్మిదో తరగతి అమ్మాయి చెవికి ఎక్కినంతగా ఇంకెవరి మాటా ఎక్కదు. వర్సిటీ, విద్యాశాఖ కలిసి దీన్ని ఏటా జరిగే కార్యక్రమంగా మార్చొచ్చు.

ఇప్పుడున్న అవకాశాలతో ఏం చేయొచ్చు?

ప్రభుత్వం ఏమీ చేయట్లేదని కాదు. 2025లో తల్లికి వందనం కింద తల్లుల ఖాతాల్లో డబ్బు పడింది. ఇంటర్ పిల్లలకూ అది వర్తిస్తుంది. 2025-26 నుంచి ఇంటర్‌లో మ్యాథ్స్, బయాలజీ రెండూ కలిపి చదివే వీలు వచ్చింది. ఇంజినీరింగా, మెడిసినా అని పదిహేనేళ్లకే తేల్చుకోలేని పిల్లలకు ఇది ఊరట. 2024 డిసెంబర్ 7న, 2025 జులై 10న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లు జరిగాయి. తల్లిదండ్రులు బడికొచ్చే అలాంటి రోజున తొమ్మిది, పది తరగతుల వాళ్లకు ఒక్క గంట కేటాయించి దారులు, గడువులు రాసున్న ఒక్క కాగితం చేతికిస్తే చాలా మార్పు వస్తుంది.

ఆ కాగితం మీద ఉండాల్సినవి ఇవీ..

ఎనిమిదో తరగతి: నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షల లోపున్న, సర్కారు, ఎయిడెడ్ బడుల పిల్లలు రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేల చొప్పున నాలుగేళ్లు వస్తాయి. అంటే 48 వేలు. ఎనిమిదో తరగతి దాటితే ఈ అవకాశం మళ్లీ రాదు.

తొమ్మిదో తరగతి: దగ్గర్లోని ఐటీఐ, పాలిటెక్నిక్, మామిడి పరిశోధన కేంద్రం, ట్రిపుల్ ఐటీలను ఒక్కసారైనా చూపించాలి. చూడని చోటికి వెళ్లాలని పిల్లలు కోరుకోరు.

పదో తరగతి, సంక్రాంతి లోపు: కులం, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు సిద్ధం చేసుకోవాలి. ఆధార్‌లోనూ స్కూల్ రికార్డులోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మార్చి: ట్రిపుల్ ఐటీ మీద ఎంత ఆశ ఉన్నా పాలిసెట్, ఏపీఆర్‌జేసీకి కూడా అప్లై చేసి ఉంచాలి. సీటు వచ్చాక వద్దనుకోవడం తేలిక. గడువు దాటాక కావాలనుకోవడం కష్టం.

ఫలితాల తర్వాత: ట్రిపుల్ ఐటీ నోటిఫికేషన్ చూసుకుని గడువులోగా అప్లై చేయాలి. ఎక్కడా అడ్వాన్స్ కట్టే ముందు ఆ డబ్బు తిరిగిస్తారో లేదో రాతపూర్వకంగా అడగాలి.

ఫెయిలైన వాళ్లను వదిలేయొద్దు. 2025లో రెగ్యులర్‌గా రాసినవాళ్లలో లక్షా 15 వేల మందికి పైగా తొలి ప్రయత్నంలో పాస్ కాలేదు. వాళ్లకు మే నెలలోనే సప్లిమెంటరీ పరీక్షలు జరిగాయి. అందులో గట్టెక్కితే అదే ఏడాది ఇంటర్‌లోనో, ఐటీఐలోనో చేరొచ్చు. ఈ ఒక్క మాట సమయానికి చెప్పేవాళ్లు లేక ఎందరో పిల్లలు తోట పనికో, ఊరొదిలి పనుల్లోకో వెళ్లిపోతున్నారు. అమ్మాయిలకైతే పెళ్లి మాటలు మొదలవుతున్నాయి.

తేలాల్సింది ఇదే

ట్రిపుల్ ఐటీ ఒక పెద్ద విషయాన్ని నిరూపించింది. ఊరి బడి పిల్లల్లో తెలివికి కొదవ లేదు, తలుపు తెరిస్తే వాళ్లు లోపలికి రాగలరు. అయితే ఏటా ఆ తలుపు గుండా వెళ్లేది 4,400 మంది. బయట నిలబడేది దాదాపు 45 వేల మంది. వాళ్లకు ఇంకో సీటు పుట్టించడం ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఇప్పటికే ఉన్న తలుపులు ఎక్కడున్నాయో, ఎప్పుడు మూస్తారో ముందే చెప్పడానికి మాత్రం కొత్త భవనం అక్కర్లేదు, కోట్ల బడ్జెట్ అక్కర్లేదు. ప్రతి హైస్కూల్‌లో ఆ బాధ్యత పేరుపెట్టి ఒక మనిషికి అప్పగించాలి.

మామిడి రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కాయ కోతకొచ్చాక తోటలోకి దిగితే దిగుబడి పెరగదు. పూత రాకముందే చేయాల్సిన పనులు ఉంటాయి. చదువుల విషయంలో ఆ పూత కాలం ఎనిమిది, తొమ్మిది తరగతులే. వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ రిజల్ట్స్ వస్తాయి, మళ్లీ ట్రిపుల్ ఐటీ లిస్ట్ కోసం వేల కుటుంబాలు ఎదురుచూస్తాయి. ఆ లోపు పాలిసెట్ ఫారం నింపిన పిల్లలెందరు అన్నదే ఊరూరా బడులు లెక్క చూసుకోవాల్సిన సంగతి.